వంటింటి గడప దాకా రాజ్యాంగం: దక్షిణాఫ్రికా స్త్రీల ముప్పై ఏళ్లు

(రాజమహేంద్రవరంలో ఒక ఆదివారం సాయంత్రం, న్యాయశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప వేరేమీ తీసివేయలేదు.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోతలో కూడా ఓపిగ్గా వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం చాలా పెద్దది. నిరంకుశ పాలన పోయి ప్రజాస్వామ్యం వచ్చిన దేశాల్లో స్త్రీల హక్కులు ఏమయ్యాయో చెప్పమన్నారు. అన్ని దేశాలూ తిరగడం మొదలుపెడితే భోజనాల వేళ దాటినా మనం ఈ హాల్లోనే ఉంటాం. అందుకని నేను ఒక్క దేశమే తీసుకుంటాను, దక్షిణాఫ్రికా. ఆ ఒక్క దేశంలో కూడా ఒక్క మనిషి వెంటే నడుస్తాను. ఎవరా మనిషి? ఇళ్లల్లో పనిచేసే ఆడమనిషి. మన భాషలో పనిమనిషి. ఎంతమంది స్త్రీలు మంత్రులయ్యారన్న లెక్క అవసరమే, అదీ చెబుతాను. కానీ ఆ పనిమనిషి నిలబడే వంటింటి దాకా రాజ్యాంగం ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరు తీసుకొస్తే వచ్చింది అన్నది ఈ సాయంత్రం నా అసలు ప్రశ్న.

1956 ఆగస్టు 9వ తేదీన ప్రిటోరియాలో, ప్రధానమంత్రి కార్యాలయం ఉండే యూనియన్ బిల్డింగ్స్ ముందు, దాదాపు ఇరవై వేల మంది స్త్రీలు వచ్చి నిలబడ్డారు. నల్లజాతి పురుషులు తమ సొంత దేశంలో, సొంత ఊళ్లలో తిరగడానికి పాసు దగ్గర ఉంచుకోవలసి వచ్చేది; ఆ పాసును స్త్రీలకు కూడా తగిలించాలని ప్రభుత్వం పూనుకుంది. లిలియన్ ఎన్గోయి, హెలెన్ జోసెఫ్, రహీమా మూసా, సోఫియా విలియమ్స్ ముందు నడిచారు. ఒకరు నల్లజాతి స్త్రీ, ఒకరు తెల్లజాతి స్త్రీ, ఒకరు భారతీయ సంతతి, మరొకరు మిశ్రమజాతి. ప్రధాని స్ట్రైడమ్ ఆ రోజు అక్కడ లేడు. సంతకాల కట్టలు ఆయన గుమ్మం ముందు పెట్టేసి, ఆ ఇరవై వేల మందీ అరగంట సేపు మౌనంగా నిలబడ్డారు. ఇరవై వేల మంది, అరగంట, ఒక్క మాట లేదు. ఊహించుకోండి. చాలామంది వీపున పిల్లలున్నారు. కొందరు ఎత్తుకొచ్చిన పిల్లలు సొంత పిల్లలు కూడా కారు, తాము పనిచేసే ఇళ్లలోని తెల్లదొరల పిల్లలు. పనికి సెలవు ఎవరిచ్చారు గనుక? పిల్లవాణ్ణి చూసుకోవడమే ఉద్యోగం, కాబట్టి ఆ పిల్లవాడితో సహా ఊరేగింపుకు వచ్చారు. ఈ దృశ్యాన్ని దయచేసి గుర్తుంచుకోండి, చివర్లో దీని దగ్గరికే వస్తాను.

ఆ రోజుల్లో ఆ స్త్రీలకు చట్టంలో ఉన్న స్థానం ఏమిటి? 1927లో తెచ్చిన నల్లవారి పరిపాలనా చట్టం ప్రకారం, సంప్రదాయ పద్ధతిలో పెళ్లయిన నల్లజాతి స్త్రీ మైనరు. ఆమెకు యాభై ఏళ్లు రావచ్చు, అరడజను మంది పిల్లలుండవచ్చు. అయినా మైనరే, భర్తే సంరక్షకుడు. అంటే వర్ణవివక్ష ఒక్కటే అయితే ఒక్క గోడ. ఈమె ముందు రెండు గోడలున్నాయి, రెండో గోడ ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు 1990కి వస్తున్నాను. మండేలా జైలు నుంచి బయటకు వచ్చారు, చర్చలు మొదలయ్యాయి. ఏ ఉద్యమంలోనైనా ఇలాంటి ఘడియలో స్త్రీలకు వినిపించే మాట మీకు తెలుసు. ముందు ఇల్లు కట్టనివ్వండమ్మా, గదుల సంగతి తర్వాత చూసుకుందాం అంటారు. దక్షిణాఫ్రికా స్త్రీలు ఈ మాట నమ్మలేదు. నమ్మకపోవడానికి వాళ్లకు కారణముంది. మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ 1990 మే నెలలోనే, స్త్రీ విముక్తి అనేది జాతి విముక్తి వెంట తనంతట తాను వచ్చేది కాదని ప్రకటన చేసింది. ప్రకటన బాగుంది. ఏడాది తిరగగానే, 1991లో డర్బన్ మహాసభలో, పార్టీ కార్యవర్గంలో నూటికి ముప్పై స్థానాలు స్త్రీలకు ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే అదే పార్టీలో అది వీగిపోయింది. ఇక ఆ తర్వాత మొదలైన పెద్ద చర్చల సభలో బల్లల చుట్టూ చూస్తే, కూర్చున్నవాళ్లందరూ దాదాపు మగవాళ్లే.

అప్పుడు వాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టమైన ఘట్టం. 1992లో జాతీయ మహిళా కూటమి అని ఒకటి కట్టారు. డెబ్భైకి పైగా సంఘాలు అందులో చేరాయి. అందులో ఎవరున్నారు? ఆఫ్రికన్ కాంగ్రెస్ మహిళా విభాగముంది. తెల్లవారి పాలక పక్షమైన నేషనల్ పార్టీ స్త్రీలున్నారు. ఆ రోజుల్లో బయట వీధుల్లో కాంగ్రెస్‌తో కత్తులు దూసుకుంటున్న జులూల పార్టీ ఇంకాథా స్త్రీలు కూడా ఉన్నారు. భర్తలు, అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకుంటున్న కాలంలో ఈ స్త్రీలు ఒకే గదిలో కూర్చుని ఒక అధికార పత్రం రాసుకున్నారు. ఫ్రీన్ జిన్వాలా అనే పార్సీ కుటుంబపు న్యాయవాది వీరిని నడిపించారు. ఆ పత్రం కోసం ఊరూరా స్త్రీలను అడిగే పనిని చూసుకున్నది డర్బన్ ఆడపడుచు ప్రెగ్స్ గోవెండర్.

చర్చల్లో వాళ్లు గెలుచుకున్నవాటిలో రెండు చెబుతాను. మొదటిది, 1993లో కెంప్టన్ పార్కులో జరిగిన చర్చలకు ప్రతి పార్టీ పంపే ఇద్దరు ప్రతినిధుల్లో ఒకరు స్త్రీ అయి ఉండాలన్న నియమం. రెండోది దీనికన్నా చాలా పెద్దది. సంప్రదాయ నాయకులు, అంటే తెగల పెద్దలు, ఒక షరతు పెట్టారు: సమానత్వ హక్కు మా ఆచారాల జోలికి రాకూడదు. అది ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? పట్నంలో చదువుకున్న స్త్రీకి ఒక రాజ్యాంగం, పల్లెలో నల్లజాతి స్త్రీకి ఇంకో రాజ్యాంగం అయ్యేది. దీనికి అడ్డం పడినవారిలో ముందు వరుసలో ఉన్నది నగర మేధావులు కారు, గ్రామీణ మహిళా ఉద్యమం. దాన్ని నిలబెట్టిన లిడియా కోంపే కార్మిక సంఘంలో పనిచేసి వచ్చిన మనిషి. నాయకుల షరతు నెగ్గలేదు. ఆచారం ఉంటుంది, అయితే రాజ్యాంగానికి లోబడి ఉంటుంది. 1996 రాజ్యాంగంలో 211వ సెక్షను సారాంశం అదే. ఈ ఒక్క వాక్యం పదేళ్ల తర్వాత ఒక రేకుల షెడ్డులో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్ని కాపాడింది, అది కూడా చెబుతాను.

1994 ఏప్రిల్ చివరి వారంలో ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు పార్లమెంటులో స్త్రీలు నూటికి ముగ్గురు కూడా లేరు. ఎన్నికల తర్వాత 400 మందిలో 111 మంది. జిన్వాలా స్పీకరయ్యారు, పదేళ్లు ఉన్నారు. కాంగ్రెస్ తన జాబితాలో మూడో వంతుకు దగ్గరగా స్త్రీల పేర్లు పెట్టింది గనుకే ఇది సాధ్యమైంది. మూడేళ్ల క్రితం పార్టీలో వీగిపోయిన ఆ ముప్పై శాతం, గుర్తుందా, అదే. భవనంలో ఆడవాళ్లకు సరిపడా మరుగుదొడ్లు కూడా లేవని అప్పటి సభ్యురాళ్లు చెప్పేవారు. 1996 రాజ్యాంగం మొదటి సెక్షనులోనే, జాతి భేదం లేకపోవడంతో పాటు స్త్రీపురుష భేదం లేకపోవడాన్ని కూడా రాజ్యానికి పునాదిగా చెప్పింది. ఆ తర్వాత చట్టాలు వరుస కట్టాయి. పన్నెండు వారాల లోపు గర్భస్రావం స్త్రీ ఇష్టం మీద జరిగే చట్టం 1996లో, గృహహింస చట్టం 1998లో, సంప్రదాయ వివాహాలను గుర్తించి భార్యను మైనరు స్థితి నుంచి తప్పించిన చట్టం కూడా 1998లోనే. అదే సంవత్సరం పిల్లల పోషణ భృతి మొదలైంది, అక్కడి డబ్బులో నెలకు వంద రాండ్లు. మొదట్లో ఏడేళ్ల లోపు పిల్లలకే. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండేవరకు. కోటికి పైగా పిల్లల పేరున వెళుతున్న ఆ డబ్బు చాలావరకు తల్లుల చేతికో, అమ్మమ్మల చేతికో అందుతోంది. నన్నడిగితే పేదింటి స్త్రీకి ప్రజాస్వామ్యం నేరుగా చేతికిచ్చిన వస్తువు అదొక్కటే.

ఇక ఆ రేకుల షెడ్డు సంగతి. భే కేసు అంటారు. దక్షిణాఫ్రికాలో న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఈ పేరు మనకు కేశవానంద భారతి రాజ్యాంగ కేసు లాంటిది. కేప్‌టౌన్ పక్కన ఖయెలిట్షా అనే పెద్ద బస్తీ ఉంది. అక్కడ ఒక వడ్రంగి, ఇళ్లల్లో పనిచేసుకునే ఒక స్త్రీ పన్నెండేళ్లు కలిసి బతికారు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ప్రభుత్వ గృహ సబ్సిడీతో స్థలం కొన్నారు, ఇంటి సామాను కొన్నారు, ఇల్లు కట్టకముందే 2002లో ఆయన చనిపోయాడు. అప్పుడు ఎక్కడో ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఉండే ఆయన తండ్రి వచ్చి, ఆచారం ప్రకారం వారసుడిని నేనే అన్నాడు. మెజిస్ట్రేటు సరేనన్నాడు. సరే అనక తప్పదు, చట్టమే అలా ఉంది: ఆస్తి మగవారసుడికే పోతుంది, ఆడపిల్లకు రాదు. ఆ తాతగారు స్థలం అమ్మి ఏం చేద్దామనుకున్నాడో తెలుసా? కొడుకు అంత్యక్రియల ఖర్చు తీర్చుకుందామనుకున్నాడు. పిల్లలు నిలబడ్డ నేల అమ్మి తండ్రి కర్మకాండ ఖర్చు!

2004 అక్టోబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టివేసింది. తీర్పు రాసినవారు పియస్ లాంగా. ఆయన ఆచారాన్ని ఎగతాళి చెయ్యలేదు, ఇది గమనించాలి. పూర్వం ఆ మగవారసుడికి ఆస్తితో పాటు చనిపోయినవాడి కుటుంబాన్నంతా పోషించే బాధ్యత కూడా వచ్చేదన్నారు. ఉమ్మడి కుటుంబం చెదిరిపోయి, మనుషులు పట్నాలు చేరాక జరిగిందేమిటి? ఆస్తి మాత్రం వారసుడు పట్టుకుపోతున్నాడు, బాధ్యత దారిలో ఎక్కడో జారిపోతోంది. న్యాయమూర్తి ఎన్గ్‌కోబో మాత్రం పాక్షికంగా విభేదించారు. ఆచారాన్ని తీసేసి సాధారణ వారసత్వ చట్టాన్ని పెట్టేకన్నా, పెద్ద కూతురికీ ఆ వారసత్వం దక్కేలా ఆచారాన్నే పెంచుకోవచ్చు కదా అన్నారు. నేను క్లాసులో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పేదాన్ని. ఎన్నిసార్లు చెప్పినా, ఆయన మాటలో కొంత సత్యముందని నాకనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ ఇద్దరు పిల్లల నెత్తి మీద కప్పు ఆ వారమే కావాలి. ఆచారం పెరిగి పెద్దదయ్యేదాకా వాళ్లు ఎక్కడ ఉండాలి?

మరి ఇన్ని చట్టాలున్నాయి, ఇంత గొప్ప కోర్టు ఉంది. దక్షిణాఫ్రికా స్త్రీ ధైర్యంగా వీధిలో నడుస్తోందా? లేదు. పోలీసుల దగ్గర నమోదయ్యే అత్యాచారాలే ఏటా నలభై వేలు దాటుతాయి, నమోదు కానివి ఎన్నో ఎవరు చెప్పగలరు? తుతుజెలా అనే కేంద్రాలు పెట్టారు. ఖోసా భాషలో ఓదార్పు అని దాని అర్థం. బాధితురాలు వైద్యుడి దగ్గరికి, పోలీసు దగ్గరికి, న్యాయవాది దగ్గరికి మూడు చోట్లా తిరగకుండా ఒక్కచోటే అన్నీ జరిగే ఏర్పాటు. మంచి ఏర్పాటు, చాలా మంచి ఏర్పాటు. కానీ అక్కడ సేకరించిన నమూనా ప్రయోగశాలకు చేరాక? 2021లో తేలని డీఎన్‌ఏ నమూనాలు లక్షన్నరకు పైబడి పేరుకుపోయాయి. చట్టానికి ఏ లోపమూ లేదు, సీసా మాత్రం అలమారలో ఉంది.

ఇందులో రాజకీయ నాయకత్వం పాత్ర కూడా ఉంది. 2006లో ఆఫ్రికన్ కాంగ్రెస్ నాయకుడు జేకబ్ జూమా మీద అత్యాచారం కేసు విచారణ జరిగింది. ఆయన నిర్దోషి అని కోర్టు చెప్పింది. తీర్పు జోలికి నేను వెళ్లను. నేను చెప్పేది కోర్టు మెట్ల బయట జరిగింది. ఫిర్యాదు చేసిన స్త్రీని ఖ్వెజీ అనే మారుపేరుతో పిలిచేవారు, నక్షత్రం అని అర్థం. ఆమె ఫొటోలు తగలబెట్టారు, ఆమె దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. జూమా తర్వాత దేశాధ్యక్షుడయ్యారు. పదేళ్ల తర్వాత, 2016 ఆగస్టులో, ఆయన ఎన్నికల ఫలితాల సభలో మాట్లాడుతుంటే నలుగురు అమ్మాయిలు వేదిక ముందుకు వచ్చి, ఖ్వెజీని గుర్తుంచుకోండని రాసిన కాగితాలు పట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డారు. మళ్లీ మౌనమే! 1956లో మామ్మలు చేసినదే మనవరాళ్లు చేశారు. ఆ తర్వాత 2019లో కేప్‌టౌన్‌లో పార్సెల్ తెచ్చుకుందామని పోస్టాఫీసుకు వెళ్లిన పందొమ్మిదేళ్ల విద్యార్థిని, అక్కడి ఉద్యోగి చేతిలోనే హతమైనప్పుడు, ఆడపిల్లలు వేలల్లో పార్లమెంటు ముందుకు వచ్చారు. వాళ్ల చేతుల్లో ఉన్న ప్రశ్న ఒక్కటే: తర్వాత నేనేనా? పోస్టాఫీసు అండి. చీకటి సందు కాదు, ప్రభుత్వ పోస్టాఫీసు.

మనవాళ్ల సంగతి అడుగుతూ ఇక్కడొక చీటీ వచ్చింది. చెప్పాలనే ఉంది, మంచిపని చేశారు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911 దాకా, చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద లక్షా యాభై రెండు వేల మందిని డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి తీసుకెళ్లారు. వాళ్లలో విశాఖ, గంజాం, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల మనవలే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆడకూలికి మగకూలి జీతంలో సగం. పెళ్లి విషయానికొస్తే, 1913లో కేప్ కోర్టు న్యాయమూర్తి సర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరిగి రిజిస్టరయితేనే పెళ్లి అన్నట్టు తీర్పిచ్చారు. అంటే మన తాళి, మన తలంబ్రాలు చట్టం కంటికి ఆనలేదు. కస్తూర్బా సత్యాగ్రహంలో దిగి జైలుకు వెళ్లింది ఆ కోపంతోనే.

ఆ కథ 1914తోనో, పోనీ 1994తోనో ముగిసి ఉంటుందని మీరనుకుంటారు. ముగియలేదు. 2007లో డర్బన్ హైకోర్టు ముందుకు, హిందూ పద్ధతిలో పెళ్లయి రిజిస్టరు చేయించుకోని ఒక భార్య విడాకులు కోరుతూ వచ్చింది. చట్టం గుర్తించని పెళ్లికి విడాకుల చట్టం వర్తించదన్నారు. మరుసటి ఏడు, 2008లో, అదే కోర్టుకు అలాంటి పెళ్లే అయిన ఒక వితంతువు వచ్చింది. వీలునామా రాయకుండా భర్త పోయాడు. ఆమె వారసత్వం కోసం భార్యేనన్నారు. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. మొగుడు పోతే ఆమె పెళ్లాం, బతికుంటే కాదు! నవ్వుకుంటున్నారు గానీ, ముస్లిం స్త్రీలకు విడాకుల విషయంలో ఇదే చిక్కు 2022లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వచ్చేదాకా సాగింది.

సరే, మన పనిమనిషి దగ్గరికి వెళదాం. 1994 తర్వాత ఆమెకు ఏం దక్కింది? 2002లో కనీస వేతనం నిర్ణయించారు, మరుసటి ఏడు నిరుద్యోగ బీమాలో చేర్చారు. 2019లో దేశమంతటికీ ఒకే కనీస వేతనం తెచ్చినప్పుడు మాత్రం, అందరికీ రూపాయి అయితే ఈమెకు ముప్పావలా అన్నారు. నిజంగానే మిగతావారి వేతనంలో డెబ్భై అయిదు శాతమే చట్టంలో పెట్టారు. అది అందరితో సమానం కావడానికి 2022 దాకా పట్టింది. పార్లమెంటులో అప్పటికి దాదాపు సగం మంది స్త్రీలే, మంత్రివర్గంలోనూ సగం. అయినా ముప్పావలా. ఎందుకంటారు? ఆ సభ్యురాళ్ల ఇళ్లల్లో అంట్లు తోమేది ఎవరు? ఈ ప్రశ్న మీకూ, నాకూ కూడా తగులుతుంది, కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇంకొక మినహాయింపు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. పనిలో దెబ్బ తగిలితే, ప్రాణం పోతే నష్టపరిహారం ఇచ్చే చట్టం 1993 నాటిది. అందులో ఉద్యోగి అంటే ఎవరో నిర్వచిస్తూ, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు తప్ప అని రాసిపెట్టారు. ప్రిటోరియాలో మరియా మహ్లాంగు అనే ఆవిడ ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లు పనిచేసింది. చూపు సరిగా ఆనదు, ఈత రాదు. 2012 మార్చి 31న ఆ ఇంటి ఈతకొలనులో పడి చనిపోయింది. తల్లి సంపాదన మీద బతికే కూతురు కార్మిక శాఖకు వెళితే, పనిమనుషులు ఈ చట్టంలోకి రారన్నారు. ఆమె వదల్లేదు. ఇంటిపనివారి సంఘం వెంట నిలిచింది. ఆ మరణం జరిగిన ఎనిమిదేళ్లకు, 2020 నవంబరు 19న రాజ్యాంగ న్యాయస్థానం ఆ మినహాయింపు చెల్లదంది. ఈ పని చేసేది ఎక్కువగా నల్లజాతి పేద స్త్రీలు. జాతి, లింగం, పేదరికం, మూడూ ఒకే మనిషి మీద కూర్చున్నాయి. కాబట్టి మూడూ కలిపి చూడాలని కోర్టు చెప్పింది.

ఆ తీర్పులో నేను మళ్లీ మళ్లీ చదివే భాగం ఒకటుంది.  తీర్పును వెనకటి తేదీ నుంచి అమలయ్యేలా వెనక్కి నడిపించారు. ఏ తేదీ దాకా? 1994 ఏప్రిల్ 27. జనమంతా మొదటిసారి ఓటేసిన ఆ ఎన్నికల రోజు. ఆ రోజు నుంచి పనిలో గాయపడ్డ, చనిపోయిన ప్రతి పనిమనిషి తరఫునా పరిహారం అడగవచ్చన్నారు.

అడగవచ్చు, నిజమే. అడగాలంటే ఏం కావాలి? ఫలానా ఇంట్లో ఫలానా రోజు పనిచేశానని ఒక కాగితం, దెబ్బ అక్కడే తగిలిందని వైద్యుడి చీటీ, యజమాని పేరు, చిరునామా. 1997లో కిటికీ అద్దాలు తుడుస్తూ నిచ్చెన మీద నుంచి పడి నడుము విరిగిన మనిషి ఉందనుకోండి. ఒప్పంద పత్రం ఎన్నడూ లేదు, జీతం చేతికి ఇచ్చారు, ఆ ఇల్లు రెండు చేతులు మారింది, యజమానులు ఏ ఆస్ట్రేలియాకో వెళ్లిపోయారు. వీపున దొరగారి పిల్లవాణ్ణి కట్టుకుని 1956లో ప్రిటోరియా వెళ్లిన మనిషి కూతురే ఈమె కావచ్చు. ఈమె ఇప్పుడు ఏ కాగితం పట్టుకుని ఏ కౌంటరు ముందు నిలబడాలి? అక్కడి ఇంటిపనివారి సంఘాలు ఇప్పుడు తలకెత్తుకున్నది ఆ పనే.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఆ రెండో వరుసలో చెయ్యి ఎత్తిన అమ్మాయి ఇందాకటి నుంచి ఆగి ఉంది, ముందు ఆమె ప్రశ్న విందాం.